మొత్తడం అంటే కొట్టడమేనా?

సీమ కథల పుస్తకాల చివర ఒక్కోసారి చిన్న పదపట్టిక ఇస్తారు. అందులో ‘మొత్తు = కొట్టు’ అని కనపడితే నాకు చిరాకు. అర్థం తప్పని కాదు. కడపలో కాపురమున్న బ్రౌన్ దొర 1852 నిఘంటువులోనూ దాదాపు అదే ఉంది. కానీ ఆ సమానం గుర్తు దగ్గర ఎవరు ఎవర్ని కొడుతున్నారన్నది రాలిపోతుంది. (ప్రోగ్రామర్ని కదా, ఆ గుర్తు మీద ఎప్పుడూ అనుమానమే.)

జమ్మలమడుగులో నేను విన్నంతలో మొత్తడం ఇంటి వ్యవహారం. అమ్మ పిల్లోణ్ని మొత్తుతుంది, అన్న తమ్ముణ్ని మొత్తుతాడు, బళ్లో అయ్యవారు మొత్తుతాడు. కక్షలైతే వేరే మాటలు: ‘నరికినారు’, ‘ఏసేసినారు’. మా యాసలో సినిమావాళ్లకు తెలిసింది ఆ రెండోరకమే.

అన్నమయ్యది మా ఉమ్మడి కడప జిల్లానే, తాళ్లపాక. ఆయన ‘మొత్తకురే’ సంకీర్తనలో అమ్మలక్కల్ని వద్దని ఆపుతుంటే, చరణంలో యశోదే మొత్తడానికొస్తుంది. ఊరి వెన్నంతా తిన్నవాడు కాళ్లకు మొక్కబోతాడు. కచేరీల్లో జోలపాటలా సాగదీస్తే ఈ గొడవంతా వినపడదు. నాకైతే గోడ అవతల నుంచి ‘మొత్తాకమ్మా వాన్ని, ఇడ్సిపెట్టు’ అన్న కేకే వినపడుతుంది. ఐదువందల ఏళ్లు దాటినా ఆ ‘కు’ అక్కడే ఉంది.

పైగా ఇది సీమలో పుట్టిన మాట కూడా కాదు. తమిళంలోనూ ‘మొత్తు’ అంటే కొట్టడమే. పత్రికల తెలుగు ‘నెత్తీ నోరూ మొత్తుకోవడం’ ఒక్కటే ఉంచుకుంది. ఎదుటివాణ్ని మొత్తడం మర్చిపోయి, తన నెత్తి తాను మొత్తుకోవడం మిగుల్చుకుంది!

అట్లని దీన్ని ముద్దుమాట చెయ్యడానికి మనసొప్పదు. ఇంటిమాట కాబట్టే దాని చాటున దెబ్బ దాక్కుంటుంది. ‘కొట్టినాడు’ అంటే పంచాయితీ, ‘మొత్తినాడు’ అంటే నవ్వు. పెళ్లాం ఒళ్లు వాచినా ‘రెండు మొత్తినాడంటలే’ అని తేల్చేసేవాళ్లను విన్నాను. అందుకే కథలో ఈ మాట ఎవరి నోట వచ్చిందో చూస్తాను. మొగుడు ‘మొత్తినా’ అంటాడు. ఆమె ‘కొట్టినాడు’ అంటుంది. చివరి పేజీ పట్టికేమో రెండూ ఒకటేనంటుంది.