కప్పు తట్టి చూసే విద్య

మా నాన్న కొత్తగూడెం బొగ్గుబాయిలో సర్దార్, అంటే షిఫ్టులో మనుషుల భద్రత చూసేవాడు. షిఫ్టు దిగగానే ఆయన ముందు చూసేది బొగ్గును కాదు, కప్పును. ఒక చేత్తో కర్ర పట్టుకుని నెత్తిమీది రాతిని కొట్టేవాడు, రెండో అరచేతిని అదే రాతికి ఆనించేవాడు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా మోగి, అరచేతికి అదురు తగిలిందా, పై పొర నుంచి ఆ రాయి విడిపోయిందన్నమాట. వెంటనే మనుషుల్ని వెనక్కి పంపి, కప్పుకు దుంగలు ఆనించే టింబర్‌మెన్‌ను పిలిపించేవాడు. ఎంత టార్చి వేసినా కంటికి ఆనని పగులు అరచేతికి దొరికేది.

నేను బాయి దిగలేదు. నా చేతికొచ్చింది ఒక పాత కంప్యూటరు. హైదరాబాదులో తుక్కు కొట్లో దొరికిందని మిత్రుడొకడు తెచ్చిచ్చాడు. పేరు బీబీసీ మైక్రో. ఇంగ్లండులోని ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చింది. 1984-85లో మన కేంద్ర ప్రభుత్వం బడిపిల్లలకు కంప్యూటరు నేర్పాలని ‘క్లాస్’ పథకం మొదలుపెట్టి, తొలి విడతలో 248 బడులకు పంపింది ఈ రకం యంత్రాలనే. వీటినే ఇక్కడ ‘యూనికార్న్’ పేరుతో సెమీకండక్టర్ కాంప్లెక్స్ సంస్థ తయారుచేసింది. చెప్పులు బయట విడిచి కంప్యూటరు గదిలోకి అడుగుపెట్టిన తరం వాళ్లకు ఆ ఎర్ర మీటలు గుర్తుండే ఉంటాయి.

దీని వేగం 2 మెగాహెర్ట్జ్, జ్ఞాపకం 32 కిలోబైట్లు. గొప్పతనమల్లా అడుగున ఉన్న 40 పిన్నుల సాకెట్‌లో ఉంది. దాని పేరు ట్యూబ్. అక్కడ ఇంకో ప్రాసెసర్‌ను తగిలిస్తే అసలు కంప్యూటరు వాకిలి పని చూసుకుంటుంది: కీబోర్డు, తెర, డిస్కు. వచ్చిన చుట్టం లోపల కూర్చుని లెక్కలు చేస్తుంది. ఏకార్న్ అమ్మిన తొలి చుట్టానికి 3 మెగాహెర్ట్జ్ వేగం, 64 కిలోబైట్ల జ్ఞాపకం ఉండేవి. ఇప్పుడు ఆ పనిని అరచేతిలో పట్టే రాస్‌ప్‌బెరీ పై బోర్డు చేస్తోంది. ‘పైట్యూబ్‌డైరెక్ట్’ అనే ఉచిత ప్రోగ్రాంను మెమరీ కార్డులో వేసి, 5 వోల్టుల సంకేతాలను 3.3కు దించే చిన్న పలకతో కలిపి తగిలిస్తే, ఆ బోర్డు పాత ప్రాసెసర్‌లాగా నటిస్తుంది. అసలు దానికన్నా ఎన్నో రెట్లు వేగంగా కూడా.

నటించనప్పుడే తంటా.

ఫర్మ్‌వేర్ అంటే యంత్రంలోనే కాపురం పెట్టిన ప్రోగ్రాం. కరెంటు రాగానే ఎవరూ చెప్పకుండానే పనిలో దిగుతుంది. ఈ జతలో అది రెండిళ్లలో ఉంది. సగం బోర్డు వైపు, మెమరీ కార్డులో. మిగతా సగం కంప్యూటరు లోపలి రోమ్ చిప్పులో. ట్యూబ్ అవతలి వాళ్లతో ఎలా మాట్లాడాలో చెప్పే కోడు అదే. ఏకార్న్ వారి డిస్కు చిప్పు డీఎన్ఎఫ్ఎస్‌లో ఆ కోడు ఉంటుంది. అన్ని డిస్కు చిప్పుల్లోనూ ఉండదు. చెప్పేవాడు మూగైనా, వినేవాడు చెవిటైనా బయటికి కనిపించేది ఒకటే: బోర్డు లేనట్టే కంప్యూటరు మామూలుగా తెర తెరుస్తుంది. తప్పు జరిగిందని ఒక్క ముక్క రాయదు.

నాకూ అదే జరిగింది. మొబైల్ కొట్టువాడి పద్ధతి నెత్తికెక్కి, ‘సాఫ్ట్‌వేర్ పోయింది, ఫ్లాష్ కొట్టాలి’ అనుకున్నాను. మెమరీ కార్డును మూడుసార్లు తుడిచి రాశాను. కొత్త వెర్షను, పాత వెర్షను, మధ్యది. కార్డే నకిలీదేమోనని ఇంకోటి కొన్నాను. ఆదివారం గడిచిపోయింది. కప్పును ఒక్కసారైనా తట్టలేదు.

తట్టడానికి బేసిక్ భాషలో రెండు ఆజ్ఞలు చాలు. జ్ఞాపకంలో 65248వ చిరునామా ట్యూబ్ గుమ్మం. అక్కడ 129 అని రాసి, వెంటనే అదే చిరునామాను చదవాలి. వచ్చిన సంఖ్య బేసి అయితే అవతల మనిషి ఉన్నట్టు. సరి సంఖ్య వస్తే డొల్ల. ఇది నేను కనిపెట్టింది కాదు. కరెంటు రాగానే ఆ కంప్యూటరు తనంతట తాను చేసే పరీక్షే ఇది. బేసి వస్తే అది తన రోమ్ చిప్పుల్ని, ఈ చుట్టాన్ని చూసుకునేదెవరని వరసగా అడుగుతుంది. ఎవరూ ముందుకు రాకపోతే ఆ మాట అక్కడితో వదిలేస్తుంది.

నాకు బేసి వచ్చింది. అంటే నేను రోజంతా అనుమానించిన ఫర్మ్‌వేర్ నిక్షేపంగా నడుస్తోంది, పలుకుతోంది. లోపల వినే కోడే లేదు. డీఎన్ఎఫ్ఎస్‌ను ఒక ఈప్రోమ్ చిప్పులో రాసి గుచ్చితే, తెరమీద ఏకార్న్ ట్యూబ్ అన్న పేరు, పక్కన 64కే అన్న అంకె కనిపించాయి.

సరి సంఖ్య వచ్చి ఉంటే దారి వేరు. ముందు కరెంటు. పవర్ సప్లయి దగ్గర కాదు, మీటరు పిన్నులు బోర్డు మీదే పెట్టి కొలవాలి. దారిలో వోల్టులు కారిపోతాయి. 5 రావాల్సిన చోట 4.75 కన్నా తగ్గితే ఇక ప్రోగ్రాం జోలికి వెళ్లడం వృథా. తరవాత తీగ: ఎంత పొట్టిదైతే అంత మేలు, తిరగేసి పెట్టలేదు కదా అని చూసుకోవాలి. తరవాత చిప్పుల కాళ్లు. నలభై ఏళ్లలో నల్లబడి ఉంటాయి. ఊడదీసి మళ్లీ గుచ్చితే చాలాసార్లు అంతటితో కుదుటపడుతుంది. ఇవన్నీ అయ్యాకే రాస్‌ప్‌బెరీ పై మీది ఆకుపచ్చ దీపం వైపు చూడాలి. ఏడుసార్లు మినుకుమంటే నడపాల్సిన కెర్నల్ ఫైలే దానికి దొరకలేదని అర్థం. మెమరీ కార్డు తుడిచి రాయడం అప్పుడు సబబు.

ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చింది రాసుకోవాలి. రెండు కలిపి మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు. తనిఖీ చేసిన సర్దార్ రిపోర్టు రాసి సంతకం పెట్టి తీరాలని గనుల నిబంధన. మా నాన్న రాత గజిబిజే గానీ, ఏ చోట కొట్టాడో, ఏం మోగిందో రాయకుండా ఇంటికి రాలేదు.

మీటరు మాటనూ తట్టి చూడాల్సిందే. ఈనాటి ఫోన్లన్నింటికీ మూలపురుషుడైన ఏఆర్ఎం చిప్పు 1985 ఏప్రిల్ 26న మొదటిసారి నడిచింది, ఈ బీబీసీ మైక్రోకు ట్యూబ్ ద్వారా తగిలించిన రెండో ప్రాసెసర్‌గానే. దాన్ని రూపొందించిన వారిలో ఒకరైన స్టీవ్ ఫర్బర్ అది ఎంత కరెంటు తాగుతోందో కొలిస్తే ముల్లు సున్నా దగ్గరే ఉంది. చిప్పేమో పని చేస్తోంది. వెతికితే తేలిందేమిటంటే, బోర్డులో లోపం వల్ల దానికి సరఫరానే అందలేదు. సంకేతాల తీగల్లోంచి కారే కరెంటుతోనే నడిచేస్తోంది! మీటరు నిజమే చెప్పింది. చూసిన వాళ్లకే నమ్మబుద్ధి కాలేదు.

ఈ చాకిరీ దేనికని ఇంట్లో అడుగుతూనే ఉంటారు. ఈ యంత్రానికి ఎన్నో రెట్ల వేగం నా ఫోనులో ఉంది, నిజమే. కానీ ఫోను ఆగిపోతే ఎక్కడ తట్టాలో నాకు తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. తుడిచేసి మళ్లీ రాయడం ఒక్కటే మందు, జబ్బు పేరు ఎవరికీ అక్కర్లేదు. బీబీసీ మైక్రోను నడిపే ప్రోగ్రాం మొత్తం 16 కిలోబైట్లు. అందులో ప్రతి ఆజ్ఞ ఎందుకుందో వివరిస్తూ ఔత్సాహికులు రాసిపెట్టారు. ఓపిక ఉన్నవాడు ఒక వేసవిలో చదివేయొచ్చు. కప్పు నుంచి అడుగు దాకా ఒక మనిషి చేతికి అందే కంప్యూటరు ఇప్పుడు కొత్తది దొరకడం అరుదు.

అందుకే ఒక మనవి. మీ ఊరి బడి స్టోరు గదిలో పది ఎర్ర మీటలున్న లేత గోధుమరంగు డబ్బా కనిపిస్తే తూకానికి వెయ్యకండి. అలాగని వెంటనే ప్లగ్గూ పెట్టకండి. పవర్ సప్లయిలో రీఫా కంపెనీ కెపాసిటర్ ఉంటే ఈపాటికి పగుళ్లిచ్చి ఉంటుంది. ఆన్ చేస్తే గది నిండా పొగ. తెలిసిన రేడియో మెకానిక్ చేత ముందు దాన్ని మార్పించండి.