పది అక్షరాల పట్టిక

అమెరికాలో అరవై అయిదో ఏడు దగ్గరపడుతున్న మనిషికి ఎప్పుడో ఒకప్పుడు ఈ పట్టిక ఎదురవుతుంది. ఒక్క పేజీలో పట్టేస్తుంది. పైన అడ్డంగా పది అక్షరాలు: ఎ, బి, సి, డి, ఎఫ్, జి, కె, ఎల్, ఎమ్, ఎన్. పక్కన నిలువుగా తొమ్మిది వరసలు. గడిలో టిక్కు ఉంటే ఆ ఖర్చు మొత్తం ఇన్సూరెన్స్ కంపెనీదే. 50 శాతం అని ఉంటే సగం. గడి ఖాళీ అయితే ఖర్చు మనదే. మెడికేర్ చెల్లించకుండా వదిలేసినవాటిని పూడ్చే మెడిగాప్ పాలసీల పట్టిక ఇది. ఇన్సూరెన్స్ కాగితాలలో పనితనం వెతకడం వృథా అనుకునేవాళ్లు దీన్నొకసారి తీరిగ్గా చదవాలి.

ముందు మెడికేర్ వదిలేసేదేమిటో చూద్దాం. 1965 జులై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మిస్సోరీ రాష్ట్రంలోని ట్రూమన్ గ్రంథాలయంలో సంతకం చేసిన మెడికేర్ చట్టం, పెద్దవాళ్ల వైద్యానికి ప్రభుత్వాన్ని పూచీ పెట్టింది. అయితే మొత్తం ఖర్చుకు కాదు. పార్ట్ ఎ ఆస్పత్రికి, పార్ట్ బి డాక్టరుకు. 2025 లెక్కల్లో, ఆస్పత్రిలో చేరితే మొదటి 1,676 డాలర్లు రోగి కట్టుకోవాలి. ఏడాదికోసారి కట్టి ఊరుకునే డిడక్టిబుల్ కాదది. ఇంటికొచ్చి 60 రోజులు గడిచాక మళ్లీ చేరితే మళ్లీ మొదటినుంచీ కట్టాలి. మంచం మీద 60 రోజులు దాటితే రోజుకు 419 డాలర్లు. 90 దాటితే, జన్మకంతటికీ ఇచ్చిన 60 రోజుల నిల్వలోంచి తీసుకుంటూ రోజుకు 838. ఆ నిల్వ కూడా కరిగిపోతే మెడికేర్ తప్పుకుంటుంది. పార్ట్ బిలో ఏడాదికి 257 డాలర్లు దాటాక ప్రతి బిల్లులో 20 శాతం మనది, దానికి పై హద్దు అంటూ లేదు. మెడికేర్ లక్ష డాలర్లకు ఒప్పుకున్న కీమోథెరపీకి ఇరవై వేలు చేతినుంచి పెట్టుకోవాలి. రక్తం సంగతి మరీ వింత. ఆస్పత్రి కొని ఎక్కించాల్సి వస్తే, ఏడాదిలో మొదటి మూడు పైంట్ల ఖర్చు మెడికేర్ ఇవ్వదు.

పట్టికలోని వరసలు దాదాపు ఇవే. ఆస్పత్రి రోజుల వాటా, దానికి తోడు మెడికేర్ తప్పుకున్నాక మరో 365 రోజులు. డాక్టరు బిల్లులో 20 శాతం. ఆ మూడు పైంట్ల రక్తం కూడా. గమనించండి, ఒక్క జబ్బు పేరైనా లేదు. ఒక్క ఆపరేషన్, ఒక్క ఆస్పత్రి పేరైనా లేదు. ఒక చికిత్సకు డబ్బివ్వాలా వద్దా అని మెడికేర్ తేలుస్తుంది, మెడిగాప్ దాని వెనకే నడుస్తుంది. బిల్లు కూడా చాలావరకు కంప్యూటర్లలోనే మెడికేర్ నుంచి కంపెనీకి వెళ్లిపోతుంది. మెడికేర్ తీసుకునే డాక్టరెవరైనా ఈ పాలసీ చెల్లుతుంది. జబ్బుల జాబితా రాసి ఉంటే రెండేళ్లకే పాతబడేది. ఏం కట్టాలో రాయకుండా, మెడికేర్ ఏం కట్టదో దాన్ని కట్టాలి అని రాసినవాళ్లు ముందుచూపున్నవాళ్లు.

అంకెల విషయంలోనూ అదే తెలివి. ‘పార్ట్ ఎ డిడక్టిబుల్’ అని రాశారు తప్ప ఎన్ని డాలర్లో రాయలేదు. 1992లో అది 652 డాలర్లు. ఇప్పుడు రెండున్నర రెట్లు దాటింది. అప్పుడు పాలసీ కొన్న మనిషి ఇంకా ఉంటే, ఒప్పందంలో ఒక్క మాట మార్చకుండానే కొత్త మొత్తం కూడా అందుతుంది. ప్రీమియం పెరుగుతుందనుకోండి, అది వేరే బాధ.

ఈ పట్టిక రాకముందు పరిస్థితి, ఒక్కో కొట్లో ఒక్కో తూకంరాయి ఉన్న సంత. ఒక కంపెనీ రక్తానికి ఇస్తుంది, ఇంకోటి 70 రోజుల తర్వాతే ఆస్పత్రికి ఇస్తానంటుంది, మూడోది క్యాన్సరుకు మాత్రమే అంటుంది. ఏది దేనికి సమానమో తేల్చలేక, ఏజెంట్ల మాట నమ్మి, ఒకే ఖర్చుకు రెండు మూడు పాలసీలు కొన్న పెద్దవాళ్లు ఎందరో. 1980లో సెనేటర్ మ్యాక్స్ బాకస్ పేరుమీద వచ్చిన సవరణ కనీస ప్రమాణాలు పెట్టింది గానీ, కంపెనీలు ఇష్టమైతేనే వాటి ముద్ర తెచ్చుకోవచ్చు. 1990 చట్టంతో అసలు పని జరిగింది. రాష్ట్రాల ఇన్సూరెన్స్ కమిషనర్ల సంఘం కూర్చుని పది నమూనాలు రాసింది, 1992 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. ఏ కంపెనీ అమ్మినా జి అంటే జియే. ఒక మెడిగాప్ ఉన్నవాళ్లకు తెలిసి తెలిసి రెండోది అమ్మడం నేరం. మసాచుసెట్స్, మిన్నెసోటా, విస్కాన్సిన్ అప్పటికే తమ పద్ధతులు పెట్టుకున్నాయి కాబట్టి వాటిని వాటి దారిన వదిలేశారు. పెద్దవాళ్లకు ఉచితంగా సలహా చెప్పే కేంద్రాలకు డబ్బు కేటాయించిందీ అదే చట్టం. పట్టిక ఒక్కటే ఇచ్చి చదువుకోండని వదిలేయలేదు.

అక్షరం ఒకటైతే సరుకు ఒకటే. ఇక కంపెనీలు పోటీ పడాల్సింది ధర దగ్గరే. కొనేవాడు చూడాల్సిన అంకె ఒక్కటే అయింది. రెండు నిలువు గళ్లను పక్కపక్కన పెడితే లెక్క కూడా తేలిపోతుంది. ఎఫ్‌కూ జికీ తేడా ఒక్క గడి: పార్ట్ బి డిడక్టిబుల్. అంటే 2025లో 257 డాలర్లు. ఎఫ్ ప్రీమియం జికన్నా ఏడాదికి నాలుగు వందలు ఎక్కువైతే, 257 తీసుకోవడానికి నాలుగు వందలు కడుతున్నట్టు. పట్టిక ఈ మాట ఎక్కడా చెప్పదు. వేలు పెట్టి చూపించినట్టు మాత్రం ఉంటుంది. 2020 నుంచి మెడికేర్‌లో అడుగుపెట్టినవాళ్లకు సి, ఎఫ్ అమ్మడం ఆపేశారు కాబట్టి కొత్తవాళ్లు ఎక్కువగా చూసేవి జి, ఎన్. ఎన్‌లో డాక్టరు దగ్గరికెళ్తే 20 డాలర్ల వరకు, ఎమర్జెన్సీకెళ్లి చేరకుండా తిరిగొస్తే 50 వరకు కట్టుకోవాలి. కొందరు డాక్టర్లు చట్టం ఇచ్చిన వీలుతో 15 శాతం దాకా ఎక్కువ వేస్తారు, జి అదీ కడుతుంది, ఎన్ కట్టదు.

అక్షరాల మధ్య ఖాళీలు నాకు మరీ నచ్చాయి. ఇ, హెచ్, ఐ, జె 2010లో అమ్మకం నుంచి తప్పుకున్నాయి. ఆ అక్షరాలను కొత్త ప్లాన్లకు తగిలించలేదు, కొత్తవాటికి ఎమ్, ఎన్ పెట్టారు. పాత జె పాలసీ దాచుకున్న ముసలాయన దాన్ని అలాగే నడుపుకోవచ్చు, ఆయన జె ఇంకెవరి జెతోనూ కలిసిపోదు. ఇంత మర్యాద తెలిసినవాళ్లు మొదట్లోనే ఒక పొరపాటు ఎలా చేశారో అర్థం కాదు. మెడికేర్‌లో పార్ట్ ఎ, పార్ట్ బి ఉండగా, మెడిగాప్‌కూ ప్లాన్ ఎ, ప్లాన్ బి అనే పెట్టారు. పార్ట్ డి మందులకు, ప్లాన్ డిలో మందులే లేవు. సలహా కేంద్రాల్లో కూర్చునేవాళ్ల సగం గొంతు దీనికే పోతుంది.

పట్టికలో కనిపించని సంగతులు రెండున్నాయి. వయసు పెరిగేకొద్దీ ప్రీమియం పెరగవచ్చు, పెరక్కపోవచ్చు, కంపెనీ ధర కట్టే పద్ధతిని బట్టి. అది విడిగా అడిగి తెలుసుకోవాలి. రెండోది గడువు. 65 నిండి పార్ట్ బి మొదలైన నెల నుంచి ఆరు నెలల్లోపు అడిగితే ఏ జబ్బున్నా పాలసీ ఇవ్వాల్సిందే. ఆ తర్వాత న్యూయార్క్, కనెక్టికట్ లాంటి చోట్ల తప్ప, కంపెనీ ఆరోగ్యం అడిగి కాదనవచ్చు. పిల్లల ద్వారా దొరికిన గ్రీన్‌కార్డు మీద డాలస్‌కో ఎడిసన్‌కో వచ్చిన మన అమ్మానాన్నలకూ ఇదే లెక్క. అయిదేళ్లు వరసగా ఉండి 65 దాటితే, అమెరికాలో ఉద్యోగం చేయకపోయినా డబ్బు కట్టి పార్ట్ ఎ, పార్ట్ బి తీసుకోవచ్చు. అప్పటికి వయసు డెబ్భై రెండైనా ఆ ఆరు నెలలు పార్ట్ బితోనే మొదలవుతాయి.

మన వాళ్లు ఎక్కువసేపు చూసే వరస అడుగున ఉంటుంది: విదేశంలో ఎమర్జెన్సీ. మెడికేర్ అమెరికా దాటితే దాదాపు ఏమీ ఇవ్వదు. సి, డి, ఎఫ్, జి, ఎమ్, ఎన్ ప్లాన్లు మాత్రం 250 డాలర్లు పోను 80 శాతం ఇస్తాయి, జీవితకాలంలో 50,000 డాలర్ల దాకా. ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు వచ్చిన ఎమర్జెన్సీకే. ఇన్ని వరసల్లో డాలర్లు రాయకుండా జాగ్రత్తపడ్డవాళ్లు ఇక్కడ ఎందుకో రాసేశారు, 1992లో రాసిన 250, 50,000 ఇవాళ్టికీ అవే. రూపాయల్లో చూస్తే 50,000 చిన్న మొత్తమేమీ కాదు. హైదరాబాదులో గుండె ఆపరేషన్‌కు ఇప్పటికీ సరిపోతుంది. చిక్కంతా 60 రోజులతోనే. చలికాలమంతా విజయవాడలో గడుపుదామని నవంబరులో వెళ్లినవాళ్లకు ఫిబ్రవరిలో పక్షవాతం వస్తే ఈ వరస పనికిరాదు. అంతకాలం వెళ్లేవాళ్లు ట్రావెల్ ఇన్సూరెన్స్ విడిగా కొనుక్కోవాలి. ఎ, బి, కె, ఎల్ ఉన్నవాళ్లయితే వారం రోజులకు వెళ్లినా కొనుక్కోవాలి.