ముంచుడా, చిలకరింపా

మా అమ్మ గుంటూరు లూథరన్. నాన్నవైపు వాళ్ళంతా ఒంగోలు బాప్టిస్టులు. పెళ్ళి మాటల్లో పేచీ వచ్చింది బాప్తిస్మం దగ్గరే. మూడు నెలల పసిగుడ్డుగా ఉన్నప్పుడు అమ్మకిచ్చిన చిలకరింపు చెల్లదనీ, ముంచుడు బాప్తిస్మం తీసుకుంటేనే సంఘంలో చేర్చుకుంటామనీ అన్నారు. అమ్మ తీసుకుంది. "అయితే మొదటిది అబద్ధమా?" అని అమ్మమ్మ చాలా ఏళ్ళు అడిగింది. బుధవారం బైబిలు స్టడీకి కూర్చున్నప్పుడల్లా నాకు ఆ ప్రశ్న గుర్తొస్తుంది.

అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చూడండి. ఫిలిప్పీ చెరసాల నాయకుడూ అతని ఇంటివాళ్ళూ ఆ రాత్రే బాప్తిస్మం పొందారు. ఇంటివాళ్ళన్నాక పసిపిల్లలుండరా అంటారు లూథరన్లు, దక్షిణ భారత సంఘం (సీఎస్ఐ) వాళ్ళు, కాథలిక్కులు. తర్వాతి వచనంలోనే వాళ్ళ విశ్వాసం మాట, ఆనందం మాట ఉన్నాయి, ఉయ్యాల్లో బిడ్డ ఎలా విశ్వసిస్తుంది అంటారు బాప్టిస్టులు. ఆ ఇంట్లో ఉయ్యాల ఉందో లేదో ఆ పుస్తకం రాసిన లూకా చెప్పలేదు. ఆయన చెప్పని చోట ఒకరు యూదుల పసిబిడ్డకు ఎనిమిదో నాడు చేసే సున్నతిని గుర్తు చేసుకుంటారు. కొలొస్సయులకు రాసిన పత్రికలో పౌలు సున్నతినీ బాప్తిస్మాన్నీ పక్కపక్కనే పెట్టాడు మరి. ఇంకొకరు రోమా 6వ అధ్యాయం తీస్తారు. బాప్తిస్మమంటే క్రీస్తుతో సమాధి కావడమైతే, సమాధి చేయడమంటే పిడికెడు మట్టి చల్లడం కాదుగదా అని.

ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి అనేవి రెండు వేరు ప్రశ్నలు. మన సంఘాల్లో రెంటినీ ఒకటే చేసి పోట్లాడుతున్నాం. ఆర్థడాక్స్ సంఘం పసిబిడ్డనే మూడుసార్లు నీళ్ళలో ముంచుతుంది. బాప్తిస్మమనే గ్రీకు మాటకు ముంచడమే అర్థమని సంస్కర్త కాల్విన్ ఒప్పుకున్నాడు, ఒప్పుకుని కూడా పద్ధతిని ఆయా దేశాల సంఘాలకే వదిలేశాడు. 1525లో జ్యూరిక్‌లో పెద్దలకే బాప్తిస్మమని తెగించినవాళ్ళు మొదట తల మీద నీళ్ళు పోసే ఇచ్చుకున్నారు. వాళ్ళలో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527లో లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. ఒక వాక్యాన్ని వేరుగా చదివినందుకు, అదే బైబిలు చదివేవాళ్ళు ఆ పని చేశారు.

మన గుండ్లకమ్మ కథ వేరు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. బాప్తిస్మం ఇమ్మని వాళ్ళు అడుగుతున్నా పదిహేను నెలలు ఆపాడు. కడుపు కోసం వచ్చారో విశ్వాసంతో వచ్చారో తేలాలన్నది ఆయన పట్టుదల. పని ముగిశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరుగా నీళ్ళలో దిగి, వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావిని ముట్టనివ్వని మనుషులు నిండా నదిలో మునిగి లేచారు. ఆ జనం మనుమలకు రోమా 6 ఎందుకంత ప్రాణమో, ముంచుడు మాట ఎత్తితే ఎందుకు వెనక్కి తగ్గరో నాకు అక్కడే అర్థమైంది.

అదే కరువులో కొనఊపిరితో ఉన్న బిడ్డను తల్లి లూథరన్ పాస్టరు ముందు పెడితే ఆయన పదిహేను నెలలు ఆగగలడా? ఆగడు, ఆగకూడదు కూడా. కృప బిడ్డను ఏమీ అడగదన్నది ఆయన చదువుకున్న సువార్త. ఎవరి వాక్యానికి వాళ్ళు నమ్మకంగా నిలబడ్డవాళ్ళే ఇద్దరూ.

నేను పదిహేడో ఏట ముంచుడు తీసుకున్నాను. విశ్వసించినవాళ్ళకే ఇవ్వాలన్నది ఈనాటికీ నా నమ్మకం. కానీ అమ్మమ్మ ప్రశ్నకు అవునని నేను చెప్పలేను. 1970లో నాగ్‌పూర్‌లో ఏర్పడిన ఉత్తర భారత సంఘం బాప్టిస్టులనూ పసిపిల్లలకు బాప్తిస్మమిచ్చేవాళ్ళనూ కలుపుకుని, రెండు పద్ధతులనూ అంగీకరించింది. మన పాస్టర్లకు నా మనవి ఒక్కటే. కోడలిగా వచ్చే పిల్లను మళ్ళీ నీళ్ళలోకి దిగమని పెళ్ళి షరతు పెట్టకండి. ఆమే కోరితే తప్ప.