మిద్దె మీది నుంచి తీసిన వీడియో

ఆ వీడియో తీసింది నేనే. 38 సెకన్లు. కొన్నేళ్ళ కిందట సంక్రాంతి దాటిన వారం, ఆదోనికీ కోసిగికీ మధ్య ఒక ఊళ్ళో, మా చిన్నమ్మ ఇంటి మిద్దె మీద నిలబడి తీశాను. కింద రోడ్డు మీద లారీ. మూటలు, గిన్నెలు, బియ్యం సంచులు, పసిపిల్లలు అందులోకి ఎక్కుతున్నారు. గుంటూరు వైపు మిరపకాయ కోతకి. దీన్ని మా పడమటి కర్నూలులో సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం, సంబరం. 1953 దాకా ఆదోని బళ్ళారి జిల్లాలోనే ఉండేది. ఆ మాట ఇక్కడ మిగిలింది, సంబరం మాత్రం లేదు.

లారీ వెనక ఒకామె మేస్త్రితో చేతులూపుతూ మాట్లాడుతోంది. మధ్యలో చెంగుతో మొహం తుడుచుకుంది. ఆ దృశ్యం నన్ను కదిలించింది. తెలిసిన విలేకరి ఒకాయనకి పంపాను. సాయంత్రానికి అది వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. రాత్రికి ఒక యూట్యూబ్ చానల్‌లో విషాద సంగీతంతో వచ్చింది. మర్నాడు ఒక పత్రిక జిల్లా పేజీలో అందులోంచి తీసిన బొమ్మ, కింద మనకందరికీ కంఠతా వచ్చిన భాష: పొట్ట చేతపట్టుకుని, బతుకు బండి, పల్లెలు ఖాళీ. నేను గర్వపడ్డాను కూడా. ఒక పౌరురాలిగా ఏదో చేశాననుకున్నాను.

ఉగాది తర్వాత తెలిసింది, ఆమె నా విద్యార్థిని తల్లి అని. ఏటా జనవరిలో కాలేజీ మానేసి మార్చి చివర్లో నల్లబడి తిరిగొచ్చే అమ్మాయి. ఫీజు పని మీద తల్లి కాలేజీకి వచ్చినప్పుడు, వీడియో నాదేనని నేనే చెప్పాను. ఆమె కోపంగా ఏమీ అనలేదు. "నేను యాడ ఏడ్సినాను మేడం? లెక్క అడుగుతాంటి. పోయినేడు బాకీ ఎంత, ఈయేడు అడ్వాన్సు ఎంత అని. మీరు మాట తీసేసి పాట పెట్టినారు" అంది. చెంగుతో తుడుచుకున్నది చెమట. పాట పెట్టింది నేను కాదని చెప్పబోయి ఊరుకున్నాను. పంపింది నేనే కదా. మరుసటేడు ఆ మేస్త్రి 'రచ్చ చేసే ఆడోళ్ళు వద్దు' అని ఆమెని తన గుంపులో ఎక్కించుకోలేదు.

అప్పటి నుంచీ పౌర జర్నలిజం గురించి ఎవరు ఉత్సాహంగా మాట్లాడినా నాకు ఆ 38 సెకన్లే గుర్తొస్తాయి. ఉత్సాహానికి కారణం లేకపోలేదు. మన వార్తకి గేటు దగ్గర ఎవరు కాపలా ఉండేవారో మనకి తెలుసు. 1974లో విశాఖపట్నంలో పుట్టిన 'ఈనాడు' 1989లో జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక తెలుగు పత్రికలు మండలం దాకా దిగాయి. దిగింది గ్రామీణ విలేకరుల భుజాల మీద. అచ్చయినదాన్ని కొలిచి ఇచ్చే కొద్దిపాటి డబ్బులు, ప్రకటనలు తెమ్మనే ఒత్తిడి, దాదాపు అందరూ మగవాళ్ళు. పొద్దున హోటల్ దగ్గర, మధ్యాహ్నం మండలాఫీసులో, సాయంత్రం స్టేషన్లో వాళ్ళకి దొరికినదే ఊరి వార్త. నీళ్ళ కుళాయి దగ్గర మాట్లాడుకునేది అందులోకి వచ్చేది కాదు. ఇవాళ హాస్టల్ పిల్ల తన కంచంలో పురుగుని ఫోన్లో చూపిస్తే, విలేకరి రాకముందే అధికారి వస్తున్నాడు. ఇది చిన్న మార్పు కాదు. నా వీడియో అందుకున్న విలేకరి చెప్పాడు: ఒకప్పుడు తను వార్త పంపితే డెస్క్ చూసేది, ఇప్పుడు డెస్కే ఫోన్ చేసి 'ఆ వీడియో మనకెందుకు రాలేదు' అంటుందట. ఊరికి వెళ్ళి అడిగే తీరిక ఆయనకి పోయింది. అడగడం అనే పనే, మెల్లగా, వార్తలోంచి పోతోంది.

ఫోన్ ఎవరి చేతిలో ఉంది అన్నది మరో ప్రశ్న. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019లో ఆంధ్రప్రదేశ్‌లో అడిగినప్పుడు, 15-49 ఏళ్ళ స్త్రీలలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవారు 21 శాతం. పురుషుల్లో దాదాపు 49. ఇప్పుడా అంకెలు పెరిగే ఉంటాయి. అయినా దసరా రాత్రి దేవరగట్టు కొండ దగ్గర కర్రల సమరం వీడియోలు చూడండి: లేచే చేతులూ మగవాళ్ళవే, తీసే చేతులూ మగవాళ్ళవే. ఒక్క రాత్రి తలలు పగలడం దేశమంతా చూస్తుంది. మూడు నెలల సుగ్గి ఒక బొమ్మతో సరి. ఎమ్మిగనూరులోనూ అంతే. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరది. మగ్గాల మీద వచ్చే వీడియోల్లో నేసే మగవాడు ముందుంటాడు. కండెలు చుట్టే ఆమె వెనక గోడ దగ్గర మసకగా ఉంటుంది. పాత పత్రికల ఫోటోల్లోనూ ఆమె అక్కడే ఉండేది. కెమెరా చేతులు మారింది, నిలబడే చోటు మారలేదు.

నిలబడే చోటు గురించి నాకు నేర్పింది జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ స్త్రీలు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు, చాలామంది బడి మొహం చూడనివాళ్ళు, 1990ల చివరి నుంచి వీడియోలు తీశారు. 2008లో సంఘం రేడియో మొదలుపెట్టారు. కెమెరా కోణాలకి వాళ్ళు పెట్టుకున్న పేర్లు ఏ ఫిల్మ్ స్కూల్లోనూ దొరకవు. పై నుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. కింది నుంచి పైకి చూస్తే జీతగాడి చూపు. కంటికి కన్ను సమంగా ఉంటే సంఘం షాట్, ఎందుకంటే సంఘంలో అందరూ చాప మీద సమంగా కూర్చుంటారు. ఈ సంగతి తెలిసిన రోజు నా మిద్దె గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. ఎంత సానుభూతి ఉన్నా నాది పటేల్ షాటే.

వాళ్ళు చేసిన దానికీ నేను చేసిన దానికీ మధ్య తేడా పరికరంలో లేదు. 2001లో చిత్తూరు జిల్లా పొదుపు సంఘాల స్త్రీలు మొదలుపెట్టిన 'నవోదయం' పత్రికకైనా, 2002లో చిత్రకూట్‌లో మొదలైన 'ఖబర్ లహరియా'కైనా వెనక శిక్షణ ఉంది, కలిసి కూర్చుని ఏది వార్తో తేల్చుకునే సమావేశం ఉంది, రాసినదానికి తన ఊళ్ళోనే జవాబు చెప్పుకోవాల్సిన బాధ్యత ఉంది. సిటిజన్ జర్నలిజాన్ని పొగిడేవాళ్ళు ఈ నెమ్మదైన, ఖర్చుతో కూడిన పని గురించి మాట్లాడరు. ఫోన్ ఉంటే చాలంటారు. అలా అన్నప్పుడు లాభపడేది ఉచితంగా వీడియోలు దొరికే సంస్థలే.

అంత అనుభవమున్న ఖబర్ లహరియాకీ ఒక చిత్రమైన పరిస్థితి ఎదురైంది. వాళ్ళ మీద తీసిన 'రైటింగ్ విత్ ఫైర్' డాక్యుమెంటరీ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళింది. 2022 మార్చిలో, వేడుకకి కొద్దిరోజుల ముందు, అందులో తమ పని మొత్తం లేదనీ, ఒక పార్టీ మీది రిపోర్టింగే తమ పని అన్నట్టు చూపారనీ వాళ్ళు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. దర్శకుల నిజాయితీని నేను శంకించను. సినిమా నాకు నచ్చింది కూడా. కానీ ఇరవై ఏళ్ళు వార్త రాసిన స్త్రీలు తామే వార్త అయినప్పుడు 'ఇది సగమే' అనాల్సి వచ్చింది. వాళ్ళకి అనడానికి ఒక పత్రిక ఉంది. లారీ వెనక నిలబడ్డామెకి నా కాలేజీ వరండా తప్ప ఏముంది?

ఆ అమ్మాయి పోయినేడు ఒక నోటుబుక్కు తెచ్చింది. సుగ్గి లెక్కలు. ఏ రోజు ఎన్ని కిలోలు, కాటా దగ్గర ఎంత తరుగు పట్టారు, గుడారంలో స్నానానికి చీర అడ్డం కట్టుకున్నది, నెలసరి రోజుల్లో కాలవ గట్టు దాకా నడిచింది. పదకొండు పేజీలు. ఆ విలేకరికి చూపిస్తే మంచివాడే, బాధపడ్డాడు. "వీడియో ఏమైనా ఉందా మేడం?" అన్నాడు.

ఈ పత్రికకి పంపుదామా అని అమ్మాయిని అడిగాను. మేస్త్రి పేరు తీసేస్తే పంపొచ్చంది. మళ్ళీ ఆలోచించి, అమ్మకి చదివి వినిపించాక చెప్తానంది. తల్లి మొదటి పేజీ విని కాటా తరుగు తప్పు రాశావని కూతుర్ని తిట్టిందట. ఇద్దరూ కూర్చుని దిద్దుతున్నారు.