అసమ్మతి చెడ్డ మాట కాదు

బడిలో వ్యతిరేక పదాలు చెప్పేటప్పుడు బోర్డు మీద ఒక వరుస రాస్తాం. న్యాయం – అన్యాయం, సత్యం – అసత్యం, శాంతి – అశాంతి. ఆ వరుస చివర సమ్మతి – అసమ్మతి అని రాస్తే పిల్లలు వెంటనే నేర్చుకుంటారు. దాంతోపాటు కుడివైపు ఉన్నవన్నీ చెడ్డవేనని కూడా నేర్చుకుంటారు. తప్పు పిల్లలది కాదు, మేం రాసిన వరుసది.

పత్రికలు ఈ మాటను ఇంకా చిన్నది చేశాయి. టికెట్ రాని నాయకుడు అలిగితే అసమ్మతి. పదవి ఇస్తే అసమ్మతి చల్లారింది అంటారు. అలకకూ బేరానికీ వాడి వాడి దాని అసలు అర్థాన్ని అరగదీశారు. పదిమంది ఔనన్నచోట కారణం చెప్పి కాదనడమే అసమ్మతి. అలా కాదన్న మనిషికి ఊళ్లో ఉన్న పేర్లు ఎదురు మాట్లాడేవాడు, అడ్డంపడేవాడు.

మేం కూర్చున్న ఒక గ్రామసభలో చెరువు ఎక్కడ తవ్వాలో మాట్లాడుతున్నారు. ఒక ముసలమ్మ లేచి, "అక్కడ గట్టు తెగితే ముందు మా చేలే మునుగుతాయి" అంది. ఎవరూ జవాబు చెప్పలేదు. రిజిస్టరులో మాత్రం "ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని రాశారు. కింద ఆమె వేలిముద్ర కూడా ఉంది. గ్రీవం అంటే మెడ. ఊరంతటికీ ఒకే మెడ ఉందని రాసుకున్నాం. అవసరమా? అటవీ హక్కుల దావాల మీద తీర్మానానికి కూడా హాజరై ఓటేసినవారిలో సగానికి మించి ఒప్పుకుంటే చాలని నిబంధనలు చెబుతున్నాయి. అందరూ ఔననాలని చట్టం అడగలేదు, మనమే రాసుకుంటున్నాం.

సమత కేసు మనందరికీ తెలుసు. బొర్రా ప్రాంతంలో గనుల లీజులపై 1997 జూలై 11న సుప్రీంకోర్టులో ముగ్గురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. 1/70 చట్టంలో ‘వ్యక్తి’ అంటే ప్రభుత్వం కూడా అని ఇద్దరు తేల్చారు. కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వకూడదన్నారు. మూడో న్యాయమూర్తి ఒప్పుకోలేదు. ఆయన మాట నిలిచి ఉంటే మనం నష్టపోయేవాళ్లం. అయినా దాన్ని ఎవరూ చెరపలేదు. కారణాలతో సహా ఆ తీర్పులోనే ఉంది. మనకు గిట్టని అసమ్మతికి కోర్టు ఇచ్చిన చోటు, మన ముసలమ్మ మాటకు మన రిజిస్టరులో దొరకలేదు.

తప్పంతా అధికారులదే అనలేం. పెద్దలు మాట్లాడుతుంటే ఆడవాళ్లను, కుర్రవాళ్లను నోరుమూయించే అలవాటు మనలోనూ ఉంది. బయట మెజారిటీ మన మాట వినడం లేదని బాధపడే మనం, లోపల మన మెజారిటీతో అదే పని చేస్తున్నాం.

ఈ ఏడాది నుంచి బడిలో ఆ వరుస మార్చాం. సమ్మతి – అసమ్మతి జంటను విడిగా రాసి, రెంటి పక్కనా "ఎందుకంటే" అని పెడుతున్నాం. పిల్లలు కారణం రాసి నింపాలి. గ్రామసభ రిజిస్టరులోనూ తీర్మానం కింద రెండు గీతలు ఖాళీగా ఉంచితే చాలు. ఒప్పుకోనివారు ఎవరు, ఎందుకు అన్నది అక్కడ రాయొచ్చు. రేపు గట్టు తెగితే, ముందే ఎవరు చెప్పారో ఊరికి తెలుస్తుంది.