పూసల లేఖలు - పల్లె చిత్రాలు

కళలో పల్లె జీవితం ప్రతిబింబించినంత మాత్రాన చరిత్ర ప్రతిబింబించినట్టు కాదు. దక్షిణాఫ్రికాలోని జులూల కళను పరిశీలిస్తే ఈ సంగతి స్పష్టమవుతుంది.

జులూ యువతి తాను వలచిన వానికి పూసలతో అల్లిన పట్టీని కానుకగా ఇచ్చేది. అతడు దాన్ని మెడలో ధరించేవాడు. రంగుల పొందికే సందేశం కనుక వీటికి ప్రేమలేఖలని పేరు వచ్చింది. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క అర్థం బిగించి చెప్పడం పర్యాటకుల కరపత్రాల అలవాటు. నిజానికి ఆ అర్థాలు ప్రాంతాన్ని బట్టి, కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. పైగా తనకన్న పెద్దవారైన కన్యల అనుమతి లేనిదే ఆమె సమ్మతి తెలపరాదు. అంటే ఈ లేఖ వెనక ఒక సామాజిక కట్టుబాటు ఉంది.

దాని భౌతిక పునాది ఏమిటి? గాజుపూసలు యూరప్ నుంచి వర్తకులు తెచ్చినవి. పెళ్లికి వరుడు వధువు పుట్టింటికి పశువులను ‘లొబోలా’గా ఇవ్వాలి. నాటాల్ వలస ప్రభుత్వం 1849లో గుడిసె పన్ను వేసింది. 1869లో లొబోలా సామాన్యులకు పది పశువులని శాసించింది. 1913 భూచట్టం నల్లజాతివారికి దేశంలో సుమారు 7 శాతం భూమినే మిగిల్చింది. పన్నుకు, పశువులకు డబ్బు సంపాదించడానికి యువకులు గనులకు వలసపోయారు. వలపుకూ పెళ్లికీ మధ్య గని వచ్చి నిలిచింది.

ఈ గని చిత్రకళలో కనిపిస్తుందా? జెరార్డ్ భెంగు (1910-1990) నీటిరంగుల్లో సిద్ధహస్తుడైన జులూ చిత్రకారుడు. దక్షిణ నాటాల్ వివాహాచారాలపై మాక్స్ కోలర్ రాసిన గ్రంథానికి (1933) బొమ్మలు ఆయనవే. ఆయన గీసిన ముఖాల్లో మనుషులు సజీవంగా ఉంటారు. కాని ఆయన పల్లె దృశ్యాల్లో కాలం నిలిచిపోయినట్టుంటుంది. ఈ లోపాన్ని ఆయన ఒక్కడికే అంటగట్టడం అన్యాయం. ఆయన చిత్రాలను ఆదరించి కొన్నవారు ప్రధానంగా తెల్లవారు. వారి గోడలకు నిశ్చింతగా ఉన్న పల్లె కావాలి గాని పన్ను కట్టే పల్లె కాదు.

మనలో కొందరు ఇటువంటి ఆచారాలను భూస్వామ్య అవశేషాలని తోసిపుచ్చుతారు, మరికొందరు జానపద సౌందర్యమని మురిసిపోతారు. రెండూ తొందరపాటు తీర్పులే. పితృస్వామ్యపు హద్దుల్లోనే ఉంటూ, దిగుమతి సరుకునే అక్షరాలుగా చేసుకుని, ఆ యువతి తన మనసు చెప్పుకుంది. ఆ హద్దులనూ, ఆమె చొరవనూ కలిపి చూడగలిగినప్పుడే విమర్శ తన పని చేసినట్టు.