ముందు నీడ, తర్వాత గోడ

రోహిణి కార్తె ఎండల్లో నూజివీడు చుట్టుపక్కల తోటల్లో పనిచేసేవాళ్ళు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పోరు. క్యారేజీ తోటకే తెచ్చుకుని, తిన్నాక చెట్టు కిందే తువ్వాలు పరుచుకుని నడుం వాలుస్తారు. ఊళ్ళో లక్షలు పోసి కట్టిన స్లాబు ఇల్లుంది, ఫ్యానుంది, అయినా ఆ చెట్టు మొదట్లో ఉన్న సుఖం అక్కడ లేదు. ఇందులో వింతేమీ లేదు. మామిడి చెట్టు ఎండను పైనే ఆపేస్తుంది. ఆకుల్లోంచి ఆవిరయ్యే నీరు చుట్టూ ఉన్న గాలిని కాస్త చల్లబరుస్తుంది. పక్కలన్నీ తెరిచే ఉంటాయి కాబట్టి ఏ వైపు గాలి వీచినా ఒంటికి తగులుతుంది. స్లాబు చేసేది దీనికి సరిగ్గా తలకిందులు. పగలంతా ఎండను తాగి, రాత్రి మంచం వేసుకునే వేళకు ఆ వేడిని ఇంట్లోకి దించుతుంది.

చెట్టుకు తెలిసిన ఈ కిటుకు పాత ఇళ్ళు కట్టినవాళ్ళకూ తెలుసు. చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి, కలెక్టరు కాయలకు పేరుమోసిన ఈ మెట్ట సీమలో (2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఏలూరు జిల్లా) తాటాకు ఇంటి నుంచి మండువా లోగిలి దాకా, అక్కడి నుంచి మేకా వారి జమీందారీ కోటల దాకా, ఇంటి స్థాయి మారిందే కాని వరస మారలేదు. ముందు నీడ, తర్వాత గోడ, ఆ తర్వాత గాలికి దారి.

తాటాకు ఇల్లే చూడండి. మధ్యలో నిట్టాడి, దాని మీద దూలం, దూలం నుంచి వాలిన వాసాలు, వాటి మీద వరసలు వరసలుగా నేసిన కమ్మలు. మందంగా ఉండే ఆ కప్పులో ఆకుకూ ఆకుకూ మధ్య గాలి నిలిచి ఉంటుంది. ఎండ లోపలికి రాకుండా అడ్డుకునేది ఆ నిలిచిన గాలే. ఇప్పుడు స్లాబు మీద పరిచే థర్మోకోల్ పలకల్లోనూ ఉన్నది ఇదే సూత్రం. ఇక చూరు. పెద్దవాళ్ళు సైతం వంగి లోపలికి వెళ్ళాల్సినంత కిందికి దింపేవారు. వినయం నేర్పడానికని సరదాగా అంటారు గాని, అసలు పని మట్టిగోడను కాపాడడం. చూరు బాగా కిందికి ఉంటే గోడ మీద ఎండా పడదు, వాన జల్లూ కొట్టదు. మట్టిగోడకు వాన తగలనంత కాలం ఆయుష్షుకు లోటు లేదు.

ఆ గోడకు కావలసిన మట్టి కాళ్ళ కిందే దొరికేది. నూజివీడు ఎర్రమట్టిలో ఇసుకా బంకా కలిసి ఉంటాయి. ఆరితే పెద్దగా పగలదు. అదే హనుమాన్ జంక్షన్ దాటి గుడివాడ వైపు దిగితే వచ్చే నల్లరేగడితో గోడ పెడితే ఎండకు నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. ఎర్రమట్టిని నానబెట్టి, వరిగడ్డి ముక్కలో ఊకో కలిపి, కాళ్ళతో తొక్కి, ఒక్కో వరస పెట్టి అది ఆరాక పై వరస వేసేవారు. తొందరపడితే గోడ జారుతుంది. అడుగు, అడుగున్నర మందమున్న ఇలాంటి గోడను దాటి లోపలికి రావడానికి ఎండ వేడికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. అప్పటికి బయట చీకటి పడి చల్లబడుతుంది, తలుపులు తీస్తే చాలు. అయిదంగుళాల స్లాబుకు పట్టే సమయం మూడు నాలుగు గంటలే.

కలిగినవాళ్ళ మండువాలో ఇదే తెలివి ఇంకాస్త పెద్ద ఎత్తున పనిచేస్తుంది. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది, నడుమ ఆకాశం. పగలు గదుల్లోని వేడిగాలి అటు నుంచి పైకి పోతుంది, రాత్రి చల్లగాలి అటు నుంచే కిందికి దిగుతుంది. వాన నీళ్ళు మండువాలో పడి తూము గుండా పెరట్లోకి వెళ్ళిపోతాయి. వీధి అరుగు, వసారా, నడవ దాటితే గాని పడకగది రాదు కాబట్టి ఎండ అక్కడికి చేరేసరికి దాని పస అయిపోతుంది. కర్ర విషయంలోనూ లెక్క ఉండేది. దూలాలకూ స్తంభాలకూ టేకు, అంత స్తోమత లేకపోతే చేవదేరిన తాడి. నూజివీడులో చేసే వీణకు పనస. చుట్టూ ఎంత మామిడి ఉన్నా, తేలిగ్గా పురుగు పడుతుంది కనుక దాన్ని కప్పు జోలికి రానిచ్చేవారు కాదు. అది పెట్టెలకూ పొయ్యిలోకీ పోయేది.

ఇలాంటి ఇళ్ళకు వాడిన డంగు సున్నం గురించి కొంచెం ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళను వెతుక్కోవాల్సి వస్తోంది. రాయో గుల్లో కాల్చిన సున్నాన్ని గుంటలో నీళ్ళు పోసి చల్లార్చి రోజుల తరబడి నాననిచ్చేవారు. తర్వాత ఇసుకా ఇటుకపొడీ కలిపి, గుండ్రంటి కాలువలో ఎద్దులు లాగే రాతి చక్రం కింద వెన్నలా మెత్తబడేదాకా నూరేవారు. బెల్లం నీళ్ళు, కరక్కాయలు ఊరేసిన నీళ్ళు అందులో పడేవి. డాబా వేయాలంటే టేకు దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా, ఐమూలగా పేర్చి, ఈ సున్నంతో అతికి, పైన ఇటుక జల్లీ కలిపిన సున్నం వేసి, ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క బద్దలతో రోజుల తరబడి కొట్టేవారు. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకునే. అలాగని సున్నానికి ఏ పాపమూ అంటలేదని అనను. బట్టీలో రాయి కాలేటప్పుడు అదే వాయువు బయటికి వస్తుంది, దానికి తోడు కట్టెల పొగ. కాకపోతే సున్నపురాయికి సుమారు 900 డిగ్రీల వేడి చాలు. సిమెంటు బట్టీకి 1450 డిగ్రీలు కావాలి. ప్రపంచంలో మనుషుల వల్ల వెలువడే బొగ్గుపులుసు వాయువులో సిమెంటు తయారీ వాటా సుమారు ఏడెనిమిది శాతం.

సున్నానికి ఇంకో గుణముంది. గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. పాత ఇల్లు బాగుచేయించేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. సున్నపు గోడ పెచ్చులూడిందని దాని మీద సిమెంటు ప్లాస్టరు కొట్టిస్తారు. చెమ్మ బయటికి పోలేక లోపలే ఊరుతుంది, రెండు మూడు వానాకాలాలు తిరిగేసరికి ఉప్పు పూసి కొత్త ప్లాస్టరు కూడా రాలిపోతుంది. సున్నపు గోడకు మళ్ళీ సున్నమే పూయించాలి.

పాత ఇళ్ళను నెత్తిన పెట్టుకునే ముందు వాటి కష్టాలూ ఒప్పుకోవాలి. తాటాకు కప్పు మూడు నాలుగేళ్ళకోసారి నేయించాలి, నేసేవాళ్ళు దొరకడం లేదు. ఎండాకాలంలో ఒక్క నిప్పురవ్వ చాలు, వాడ మొత్తం బూడిద. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తర్వాత ఈ జిల్లాల్లో పక్కా ఇల్లు అంటే ప్రాణానికి భరోసా అని అర్థమైంది. పూరింటి నుంచి స్లాబు కిందికి మారిన కూలీ కుటుంబానికి ‘మీ పాత ఇల్లే పర్యావరణానికి మంచిది’ అని చెప్పడం కన్నా దబాయింపు ఇంకోటి లేదు. అందుకే మండువాలు మళ్ళీ కట్టుకోమనడం నా ఉద్దేశం కాదు. ఆ మాటకొస్తే, పల్లెల్లో విప్పిన పాత స్తంభాలు కొని నగర శివార్లలో ఫామ్‌హౌస్‌కు అతికించి, లోపల ప్రతి గదికీ ఏసీ బిగించడం అలంకారమే గాని సంప్రదాయం కాదు.

కొత్తగా కట్టేవాళ్ళకు వేరే దారులున్నాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం బూడిద ఈ ప్రాంతానికి దగ్గరే. బూడిద, సున్నం, జిప్సం కలిపి, కాల్చే పని లేకుండా నీటితో గట్టిపడే ఇటుకను విశాఖపట్నం పరిశోధకులు భానుమతీదాస్, కాళిదాస్ రూపొందించి ‘ఫాల్-జి’ అని పేరు పెట్టారు. బట్టీ లేదు, పొలాల పైమట్టి తవ్వే పనీ లేదు. ఎర్రమట్టి ఉన్న స్థలమైతే ఇంకా నయం. అయిదు నుంచి ఎనిమిది శాతం సిమెంటు కలిపి యంత్రంతో అదిమిన మట్టి దిమ్మెలతో గోడలు లేపవచ్చు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన ‘అస్త్ర’ కేంద్రం వీటి మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. మీ మట్టి పనికొస్తుందో లేదో తొలి అంచనాకు ఒక గాజు సీసా చాలు. సగం మట్టి, మిగతా నీళ్ళు పోసి కుదిపి ఒక రోజు కదపకుండా వదిలేయండి. అడుగున ఇసుక, పైన బంక విడివిడిగా తేరుకుంటాయి. ఇసుక పాలు ఎక్కువగా ఉంటే మంచిది.

అయినా కొత్త ఇల్లు ఎంత పచ్చగా కట్టినా, ఉన్న ఇంటిని పడగొట్టకుండా బాగుచేసుకోవడమే నా లెక్కలో పెద్ద మేలు. ఇటుకా, ఇనుమూ, సిమెంటూ ఇప్పటికే ఖర్చయిపోయాయి. బాగుచేయడం కప్పుతో మొదలవ్వాలి. అంతస్తులు తక్కువ ఉన్న ఇంటికి ఎండ ఎక్కువగా తగిలేది అక్కడే. అన్నిటికన్నా చవకైన పని, ఏటా మార్చిలో డాబా మీద తెల్లగా సున్నం వేయించడం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని కప్పుల విధానం తెచ్చి, ప్రభుత్వ భవనాలకు దాన్ని తప్పనిసరి చేసింది. నూజివీడులో ఇలా చేయడానికి ఏ చట్టం కోసమూ ఎదురుచూడనక్కర్లేదు. తోట కూలీల రేకుల ఇళ్ళకు ఇంకా అవసరం. రేకు మీద తాటాకు పరుచుకునేవాళ్ళున్నారు గాని నిప్పు భయం ఉంటుంది. పందిరేసి సొరపాదో గుమ్మడిపాదో ఎక్కిస్తే ఆ భయం తక్కువ, పైగా కూరా దొరుకుతుంది. తుమ్మేటి రఘోత్తమరెడ్డి లాంటివాళ్ళు ప్రచారంలోకి తెచ్చిన మిద్దెతోట కూడా మంచిదే, ముందు నీళ్ళు దిగకుండా పూత వేయించాకే.

గోడల విషయంలో పడమర వైపుది ముఖ్యం. మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా దాన్ని ఎండ కాలుస్తుంది. కిటికీల మీద రెండడుగుల సన్‌షేడు, స్థలముంటే తగినంత దూరంలో ఓ మామిడి మొక్క. ఏడాదంతా ఆకు రాలని చెట్టు కనుక వేసవిలోనూ నీడ తగ్గదు. కాయల కోసం రాళ్ళు విసిరే పిల్లల బెడద మాత్రం మీరే పడాలి. గాలి రావాలంటే ఎదురెదురు కిటికీలుండాలి. వాస్తు పేరుతో ఉన్న కిటికీ మూయించి, ఉక్కపోత భరించలేక ఏసీ కొనే ఇళ్ళు ఈ ప్రాంతంలోనూ ఉన్నాయి. కోస్తా గాలిలో తేమ ఎక్కువ. ఇక్కడ మందపు గోడ ఒక్కటే చాలదు, గాలి కదలాలి.

నీటి లెక్క ఇంకా సులువు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 93 లీటర్లు. ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లనుకుంటే తొంభై వేల లీటర్లు దాటుతుంది. ఈ మెట్టలో చాలా తోటలు బోర్లతో బతుకుతున్నాయి, డాబా మీది నీళ్ళు మాత్రం వీధి కాలువలో కలుస్తున్నాయి. సోలారు చివరగా చూడాల్సింది. 2024లో మొదలైన ‘పీఎం సూర్య ఘర్’ కింద మూడు కిలోవాట్ల పలకలకు 78,000 రూపాయల దాకా రాయితీ వస్తుంది, పలకల నీడ కప్పుకూ పనికొస్తుంది. వేడి తగ్గించకుండా పలకలు పెడితే మాత్రం, వచ్చిన కరెంటు ఏసీకే సరిపోతుంది.

మీ ఊళ్ళో తాతల నాటి పెంకుటిల్లు ఇంకా నిలబడి ఉంటే, ప్రొక్లెయినర్‌ను పిలిచే ముందు ఒక్క పని చేయండి. పెంకులు సర్దడం తెలిసిన ఒక వడ్రంగినీ, సున్నం పని చేసిన ఒక పెద్ద మేస్త్రీనీ తీసుకొచ్చి చూపించి, బాగుచేయడానికి ఎంతవుతుందో రాయించుకోండి. కొత్త ఇంటి అంచనా పక్కన ఆ కాగితం పెట్టుకుని అప్పుడు నిర్ణయించుకోండి.